అరువు గౌను: ఒక పోర్షియా కుట్టుపని డైరీ

జనవరి 19

మా ఊరి నాటకాల సంఘం ఈ మే నెలలో షేక్‌స్పియర్ 'మర్చంట్ ఆఫ్ వెనిస్' వేస్తోంది. మా ఊరంటే తెనాలి కాదు, ఇంగ్లండులో కెంట్. యాష్‌ఫర్డ్‌కి దగ్గర్లో ఉంటాం. సంఘంలో నా పని దుస్తులు. ఈసారి ఇరవై మందికి పైగా ఉన్నారు, అందులో చాలావరకు బీరువాలోంచి తీసి సర్దేస్తాను. ఒక్కటి మాత్రం కొత్తగా కుట్టాలి. కోర్టు సీనులో నాయిక పోర్షియా వేసుకునే న్యాయశాస్త్ర డాక్టరు గౌను.

కథ తెలిసిందే. అప్పు తీర్చకపోతే పౌను మాంసం కోసుకుంటానని యూదు వడ్డీవ్యాపారి షైలాక్ రాయించుకున్న పత్రం, కోర్టులో కేసు, బల్తజార్ అనే కుర్ర డాక్టరు వేషంలో పోర్షియా రావడం. మా ఇంటర్ ఇంగ్లీషు పుస్తకంలో ఆ సీను పాఠంగా ఉండేది. అప్పుడు నాకు గౌను గురించి ఆలోచనే రాలేదు, పరీక్షలో అడిగేది దయ గురించిన ఉపన్యాసం కదా.

డైరెక్టరమ్మ ఫోన్లో ఎలెన్ టెర్రీ పాత ఫోటోలు చూపించి "ఇలా ఉండాలి, అందంగా, ఒంటికి అతికినట్టు" అంది. ఎలెన్ టెర్రీ అంటే విక్టోరియా కాలంలో ఇంగ్లండుకి పేరుమోసిన నటి. 1875లో మొదటిసారి పోర్షియా వేసింది. నాటకం వారాల్లోనే దిగిపోయినా ఆవిడ పేరు నిలబడింది. తర్వాత 1879 నవంబరు 1న అప్పటి పెద్ద నటుడు హెన్రీ ఇర్వింగ్ పక్కన లండన్ లైసియం థియేటర్లో మళ్ళీ వేస్తే 250 రాత్రులు ఆడింది.

సరేనని తలూపి వచ్చా.

జనవరి 27

రంగు తేలలేదు. ఫోటోల్లో గౌను ముదురుగా కనిపిస్తోంది కాబట్టి నలుపే అనుకోడానికి లేదు. అప్పటి ఫోటో పలకలకి ఎరుపు ఆనదు. ఎర్ర గుడ్డ తీసినా బొగ్గులాగే పడుతుంది. కాబట్టి ఆ ఫోటోలు మడతల గురించి చెబుతాయి, రంగు గురించి నోరు విప్పవు.

నేను ఎరుపుకే ఓటేశాను. కారణం చరిత్ర కాదు, స్టేజీ. మా హాల్లో వెనక తెర నలుపు. నల్ల గౌను వేస్తే పోర్షియా మొహమూ చేతులూ గాల్లో తేలుతుంటాయి. పైగా ఇక్కడి యూనివర్సిటీల్లో డాక్టరేట్ల పండగ గౌను ఎరుపే, చూసేవాళ్ళకి విడిగా చెప్పక్కర్లేదు.

ఉన్ని గుడ్డ మీటరు ధర చూస్తే కళ్ళు తిరిగాయి. జనం ఇచ్చేసిన పాత సామాన్లమ్మే ధర్మాదాయం దుకాణంలో ముదురెరుపు ఉన్ని కర్టెన్లు జత దొరికాయి. ఒక్కోటి 230 సెం.మీ. వెడల్పు, 220 పొడవు. మడతలు పడ్డచోట ఎండకి వెలిసి నిలువు చారలు తేలాయి. డబ్బులిచ్చే చోట ఆవిడ చారలు చూపించి రెండు పౌన్లు తగ్గించింది.

ఫిబ్రవరి 2

తప్పు నాదే. రెండు కర్టెన్లూ వాషింగ్ మెషీన్లో వేసి, వేడి మీట ఎక్కడుందో చూసుకోకుండా నొక్కాను. బయటికి తీస్తే వెడల్పు 205, పొడవు 195. గుడ్డ బిగుసుకుపోయి దళసరెక్కింది. అత్తయ్య ఒక అంచు వేళ్ళ మధ్య నలిపి చూసి, "ఇది గుడ్డా, గొంగళా?" అన్నారు.

అత్తయ్య పదిరోజుల క్రితమే వచ్చారు, ఆరు నెలలుంటారు. తెనాలిలో ముప్పై ఏళ్ళు టీచరుగా చేసి రిటైరయ్యారు. చేతికుట్టు ఆవిడది. మెషీను కుట్టు నాది.

ఫిబ్రవరి 8

ఈ రోజు నాటకం కూర్చుని మళ్ళీ చదివాను, ఇంగ్లీషులోనే, పెన్సిలు పట్టుకుని. మూడో అంకం నాలుగో రంగంలో ఒక చోట ఆగిపోయా. పోర్షియా తన నౌకరుని పాడువా పంపిస్తుంది. అక్కడ మా అన్న డాక్టర్ బెల్లారియో ఉంటాడు, ఆయన ఇచ్చే కాగితాలూ బట్టలూ పట్టుకుని పడవల రేవుకి రా, అంటుంది.

బట్టలు! ఆ గౌను పోర్షియా కుట్టించుకున్నది కాదు, బెల్లారియోది. ఏళ్ళ తరబడి వాడిన మగమనిషి గౌను. అలాంటప్పుడు ఆమెకి కొలత ఎలా కుదురుతుంది? ఇన్నాళ్ళూ నేను చూసిన ప్రతి పోర్షియా గౌనూ నిన్న దర్జీ దగ్గర్నుంచి వచ్చినట్టే ఉంటుంది.

అత్తయ్యకి చెబితే ఆవిడ బఠాణీలు ఒలుస్తూనే, "అరువు సొమ్ము బరువు చేటు అని ఊరికే అన్నారా" అన్నారు. ఈ డైరీకి పేరు అక్కడ దొరికింది.

డైరెక్టరమ్మకి రాత్రే రాశా: గౌను అయిదడుగుల పది అంగుళాల మగాడికి కుడతాను, ఛాతీ 42. వేసుకునే అమ్మాయి అయిదడుగుల మూడు, ఛాతీ 34. జవాబుగా ఒక ప్రశ్నార్థకం వచ్చింది. తర్వాత ఇంకో మూడు.

ఫిబ్రవరి 15

ఒప్పించడానికి రిహార్సల్‌కి పాత దుప్పట్లతో కచ్చా కుట్టు వేసిన నమూనా పట్టుకెళ్ళాను. పోర్షియా వేసే అమ్మాయి పగలు ఆసుపత్రిలో నర్సు. వేసుకోగానే చేతులు మాయమయ్యాయి, అంచు నేల మీద జానెడు పరుచుకుంది. అందరూ నవ్వారు. ఆ అమ్మాయికి నచ్చలేదు. "జోకర్‌లా ఉన్నాను" అంది. ఆమాట నిజమే.

తర్వాత పత్రం చదివే ఘట్టం చేశారు. కాగితం అందుకోవాలంటే ముందు చెయ్యి బయటికి రావాలి కదా. ఆమె కుడి చేతి గుడ్డ ఒక మడత వేసింది, రెండో మడత వేసింది, అప్పుడు కాగితం తీసుకుంది. ఆ నాలుగు సెకన్లూ హాల్లో ఎవరూ నవ్వలేదు.

ఇంకోటి కూడా తేలింది. తీర్పయ్యాక పోర్షియా భర్త బస్సానియో ఆ డాక్టరుకి తన ఉంగరం పంపిస్తాడు, అంతసేపూ ఎదురుగా ఉన్నది తన పెళ్ళామేనని పోల్చుకోడు. మామూలుగా మనం నాటకం కదా అని సర్దుకుంటాం. ఈ గౌనులో ఆ చేతులు గుడ్డలో మునిగి ఉన్నాయి. పెళ్ళాం చెయ్యి వాడికి కనిపించేది ఎప్పుడు?

డైరెక్టరమ్మ తన పుస్తకంలో ఏదో రాసుకుంది. "అంచు మాత్రం నాలుగు అంగుళాలు ఎత్తు, పడి చస్తుంది" అంది. మూడు దగ్గర బేరం కుదిరింది.

ఫిబ్రవరి 23

కత్తిరింపు. మొదటి కర్టెన్లో వీపు ముక్క, 150 వెడల్పు, 150 పొడవు. రెండోదాంట్లో ముందు ముక్కలు రెండు. మిగిలినవి 55 సెం.మీ. పీలిక ఒకటి, 75 సెం.మీ. పీలిక ఒకటి. చేతులకి ఒక్కోటి 130 వెడల్పు కావాలి. రెండింటినీ అడ్డంగా సగానికి కోసి జోడిస్తే సరిగ్గా సరిపోయింది, అంటే ప్రతి చేతికీ నిలువునా ఒక అతుకు. పాత దర్జీలు గుడ్డ ఖరీదుకి భయపడి ఇలాంటి అతుకులు బోలెడు వేసేవారు. ఆ పేరు చెప్పుకుని నేను సిగ్గుపడటం మానేశాను.

వెలిసిన చారలని కావాలనే భుజాల మీదుగా కిందికి దిగేలా పెట్టా. ఎండలో తిరిగిన గౌను అవుతుంది.

మార్చి 3

కుచ్చిళ్ళ దగ్గర దెబ్బతిన్నాను. డాక్టరు గౌను అందమంతా వీపులో ఉంటుంది. భుజం పట్టీ కింద సన్నసన్నగా, గొట్టాల వరసలా నిలబడే కుచ్చిళ్ళు. ఇవి చీర కుచ్చిళ్ళలా మడిచేవి కావు. గుడ్డ పైఅంచున సమానమైన కచ్చా కుట్లు మూడు వరసలు, ఒకదాని కింద ఒకటి అణువంత తేడా రాకుండా వేసి, మూడు దారాలూ కలిపి లాగాలి. అప్పుడు గుడ్డ వీణ మెట్లలా లేచి నిలబడుతుంది. ఒక్కో మెట్టునీ విడిగా పట్టీకి కుట్టాలి.

లెక్క ముందే వేసుకున్నా: 150 సెం.మీ. గుడ్డ 26 సెం.మీ.లోకి దిగాలి. కుట్టు 6 మి.మీ. అయితే ఒక్కో కుచ్చుకి 12 మి.మీ. గుడ్డ, మొత్తం 125 కుచ్చిళ్ళు. కర్టెను మందం 1 మి.మీ., రెండు పొరలు 2, వెరసి 25 సెం.మీ. భేషుగ్గా ఉంది. మూడు సాయంత్రాలు కుట్టి దారాలు లాగితే 37 దగ్గర బిగుసుకుపోయింది. ఇంకా లాగితే దారం తెగింది.

ఆ లెక్క మెషీన్లో వెయ్యకముందుది. ఇప్పుడు మందం 1.5 మి.మీ.

మార్చి 5

మొత్తం విప్పేశాం. ఇప్పుడు కుట్టు 10 మి.మీ., కుచ్చిళ్ళు 75. ఒక్కోటి 3 మి.మీ., అంటే 22 చిల్లర. చోటు మిగులుతుంది. కానీ 10 మి.మీ. కుట్లు మూడు వరసల్లో తిన్నగా రావాలంటే సుద్దతో 450 చుక్కలు పెట్టాలి, గొంగళి మీద సుద్ద నిలవదు.

అత్తయ్య లేచి వెళ్ళి ఆవకాయ సీసాకి చుట్టి తెచ్చిన లుంగీ తీసుకొచ్చారు. మావయ్యగారిది, నీలం గళ్ళది. కొలిచి చూస్తే గడి సరిగ్గా సెంటీమీటరు. "దీన్ని పట్టీలా చించి లోపలివైపు వేసి, ఒక్కో గీత మీద పొడుచుకుంటూ పో. చుక్కలెందుకు?" అన్నారు.

ఇంతకన్నా మంచి కొలబద్ద నేను చూడలేదు. సూది ఒక గీత దగ్గర దిగడం, పక్క గీత దగ్గర తేలడం. దారానికి అత్తయ్య మైనం పట్టించారు, పెరట్లో మల్లెల దండ కట్టినంత తేలిగ్గా రెండో రోజుకి అయిపోగొట్టారు. దారాలు లాగితే లుంగీ మందంతో కలిపి పాతికన్నర సెంటీమీటర్లు. 26లో అరసెంటీమీటరు వదులు! పొరుగింటి పిల్లిని కూడా పిలిచి చూపించాలనిపించింది.

లుంగీ మొదట ఉతికే పెట్టాను. అయినా వీపు దగ్గర ముక్కు పెడితే లీలగా ఆవకాయ.

మార్చి 16

అత్తయ్యని స్మాల్‌హైత్ తీసుకెళ్ళాను. టెంటర్డెన్ దాటాక చిన్న రోడ్డు పక్కన ఉంటుంది, పదహారో శతాబ్దపు కర్రల ఇల్లు. ఎలెన్ టెర్రీ 1899లో కొనుక్కుని, 1928లో పోయేదాకా అక్కడే ఉంది. ఆవిడ కూతురు ఈడిత్ క్రెయిగ్ ఆ ఇంటిని తల్లి పేరున మ్యూజియం చేసింది.

అక్కడ అందరూ చూసేది లేడీ మక్బెత్ వేషానికి ఆవిడ వేసుకున్న గౌను. 1888 నాటిది. చీకటిగదిలాంటి చోట అద్దాల వెనక ఉంటుంది, బట్టల మీద వెలుతురు 50 లక్సు దాటనివ్వరు కాబట్టి. ఆకుపచ్చగా మిలమిలలాడే వెయ్యి పురుగు రెక్కలు దాని నిండా కుట్టారు. దాన్ని బాగుచెయ్యడానికి దాదాపు 1300 గంటలు పట్టిందట. అత్తయ్య అద్దానికి మొహం ఆనించి, "అమ్మాయ్, ఇవి జీరంగి రెక్కలే" అన్నారు. చిన్నప్పుడు అగ్గిపెట్టెలో తుమ్మాకు వేసి పెంచిన పురుగులట. నిజమే, ఆ రెక్కల పని మన దేశంలోది. గదిలో కూర్చున్న ఆవిడకి నేను ఇంగ్లీషులో చెబితే, ఆవిడ అగ్గిపెట్టె సంగతి రెండుసార్లు చెప్పించుకుంది.

వచ్చేటప్పుడు కారులో అత్తయ్య అడిగారు. "ఆవిడ లాయరు వేషం వేసే రోజుల్లో ఆడ లాయర్లు ఉండేవాళ్ళా?"

లేరు. లైసియంలో ఆవిడ ఆ గౌను వేసుకున్న 1879 నాటికి ఈ దేశపు యూనివర్సిటీలు ఒక్క ఆడమనిషికి కూడా డిగ్రీ ఇవ్వలేదు. లండన్ యూనివర్సిటీ మరుసటి ఏడు నలుగురికి బి.ఎ. ఇచ్చింది. మన దేశపు తొలితరం ఆడ లాయరు కార్నీలియా సొరాబ్జీ ఆక్స్‌ఫర్డ్‌లో లా పరీక్ష 1892లో రాసింది, పట్టా చేతికి వచ్చింది 1922లో. ముప్పై ఏళ్ళు. అదే 1922లో సెయింట్ ఆండ్రూస్ యూనివర్సిటీ ఎలెన్ టెర్రీకి గౌరవ డాక్టరేటు ఇచ్చింది. ఏ డాక్టరేటనుకున్నారు? ఎల్.ఎల్.డి., న్యాయశాస్త్రంలో. అప్పటికి ఆవిడకి 75.

"వేషానికిచ్చారన్నమాట" అన్నారు అత్తయ్య.

పాడువా సంగతి కూడా చెప్పాను. షేక్‌స్పియర్ ఈ నాటకం రాసిన ఎనభై ఏళ్ళకి, 1678 జూన్ 25న, అదే పాడువాలో వెనిస్ అమ్మాయి ఎలెనా కోర్నారో పిస్కోపియా డాక్టరేటు పుచ్చుకుంది. యూనివర్సిటీ డాక్టరేటు అందుకున్న మొదటి ఆడమనిషి ఆమెనే అంటారు. వేదాంతశాస్త్రంలో అడిగితే బిషప్పు అడ్డుపడి, చివరికి తత్వశాస్త్రంలో ఇచ్చారు. ఉంగరం, పుస్తకం, తలకి లారెల్ ఆకుల కిరీటం, భుజాల మీద తెల్లని బొచ్చు కేపు. అన్నీ ఆమె పేరునే.

మార్చి 30

ఇవాళ షైలాక్ టోపీ గురించి గొడవ. వెనిస్‌లో యూదులు బయటికి వస్తే గుర్తు కనిపించాలని చట్టం, మొదట పసుపు టోపీ, తర్వాత ఎర్ర టోపీ. డైరెక్టరమ్మకి ఎర్రదే కావాలి. గౌనూ టోపీ ఒకే రంగయితే బొమ్మ కలగాపులగం అవుతుందని లైటింగ్ అబ్బాయి వాదించాడు. నాకు మాత్రం రెండూ ఎర్రగానే ఉండాలనిపించింది. ఒకరు ఆ ఎరుపు వేసుకోక తప్పదు, ఇంకొకరికి ఆ ఎరుపు వేసుకునే హక్కు లేదు. ఇద్దరూ ఒకే బల్లకి అటూ ఇటూ నిలబడతారు. ఎరుపే నిలిచింది.

పోర్షియా టోపీ మెత్తటి గుండ్రటిది, ఒక గంటలో అయిపోయింది.

ఏప్రిల్ 6

కొత్త చిక్కు. గౌను వేసుకుని పది నిమిషాలు నడిస్తే వెనక్కి జారిపోతోంది. వీపున 75 కుచ్చిళ్ళ బరువు, ముందు ఏమీ లేదు. ఇండియా ప్రయాణానికి సూట్‌కేసులు తూచే కాటాకి తగిలిస్తే 3.4 కిలోలు. బెల్లారియో భుజాలకి నిలబడేది, ఈ పిల్ల భుజాలకి ఎక్కడ నిలుస్తుంది?

లోపల భుజం పట్టీకి రెండు నాడాలు కుట్టి, చంకల కిందుగా తెచ్చి ఛాతీ మీద ముడి వేయించాను. పైకి కనపడదు. ఇప్పుడు దూకినా కదలదు. గౌను ఆమెకి సరిపోదు కానీ ఊడదు.

ఏప్రిల్ 13

అంచు మడవాలి. అమ్మాయికి రాత్రి డ్యూటీలు, రాలేనంది. అత్తయ్య ఎత్తు కూడా అయిదడుగుల మూడే. గౌను తొడిగి కుర్చీపీట మీద నిలబెట్టి నేను కింద గుండుసూదులు గుచ్చుతున్నా. మోకాళ్ళు నొప్పులని కాసేపు సణిగారు. తర్వాత చేతులు పైకెత్తి, గుడ్డ మడిచి, ఎదురుగా ఉన్న ఫ్రిజ్ వైపు చూస్తూ నిలబడ్డారు.

"మా కాన్వొకేషన్‌కి నాన్న పంపలేదు. విశాఖపట్నం దూరం, తోడెవరు వస్తారని. పట్టా పోస్టులో వచ్చింది. పోస్టుమాన్‌కి రెండు రూపాయలు ఇచ్చా" అన్నారు.

నేను ఫోటో తీస్తానంటే వద్దన్నారు. "జుట్టు చూడు ఎలా ఉందో." పావుగంటలో జుట్టు దువ్వుకుని, కుంకుమ దిద్దుకుని వచ్చారు.

వాళ్ళ నాన్నగారు స్థానం నరసింహారావు గారి సత్యభామ చూశారట. మగాడు చీర కట్టి నడుస్తుంటే ఊరి ఆడవాళ్ళు ఆ నడక నేర్చుకునేవారని చెప్పేవారట. షేక్‌స్పియర్ రోజుల్లోనూ ఇక్కడ ఆడవేషాలు కుర్రాళ్ళవే. ఒక కుర్రాడు ఆడదానిలా, ఆ ఆడది మళ్ళీ కుర్ర డాక్టరులా. ఆ గౌను కుట్టిన దర్జీ ఎవరి కొలతలు తీసుకున్నాడో!

మే 18

మూడు ప్రదర్శనలు అయ్యాయి. రెండో రాత్రి మెట్లెక్కుతూ అంచు తొక్కి జానెడు చింపింది. ఆ చిరుగుతోనే కేసంతా వాదించింది. నేను తెర పక్కన పిన్నీసులు పట్టుకుని నిలబడిపోయా. మూడో రోజుకి కుట్టేశాను, అయితే వేరే రంగు దారంతో. అరువిచ్చిన గౌను తిరిగి వెళ్ళేటప్పటికి ఇలాంటివి ఉండాల్సిందే.

చేతుల మడత మాత్రం ప్రతి రాత్రీ ఒక్కోలా వచ్చింది. చివరి రోజు ఎడమ చెయ్యి మడవనే లేదు. ఉంగరం ఆ గుడ్డలోంచే అందుకుంది.

ఇప్పుడు గౌను సంఘం బీరువాలో ఉంది. చిమట పట్టకుండా లావెండరు సంచీ పెట్టాను. నిన్న తెనాలి నుంచి ఫోన్ చేసి మావయ్యగారు అంతా విన్నారు, ఫోటోలు బాగున్నాయన్నారు. పెట్టేసేముందు, "ఆవకాయ సీసాకి చుట్టిన నా లుంగీ మీ అత్తయ్యతో పంపిస్తావుగా?" అన్నారు.

అత్తయ్య నా వంక చూశారు. నేను ఫోన్ ఆవిడకి ఇచ్చేశాను.